ఆర్‌ఎంసీ75 కమాండ్లు: ఏళ్ల తరబడి వాడాక

డెల్టా కంప్యూటర్ సిస్టమ్స్ వాళ్ల ఆర్‌ఎంసీ75ఈ హైడ్రాలిక్ సిలిండర్ల కదలికను నియంత్రించే చిన్న పెట్టె (కంట్రోలర్). ఒకటి రెండు యాక్సిస్‌లు, అంటే విడివిడిగా కదిలే భాగాలు, నడుపుతుంది. సిలిండర్‌కు నూనె వదిలే వాల్వుకు ±10 వోల్టులు ఇస్తుంది. కమాండ్ల పట్టిక చూస్తే గుండె ఝల్లుమంటుంది గానీ, రోజూ పనికొచ్చేవి అరడజనే. చిక్కంతా వాటిని ఏ వరుసలో వాడాలన్న దగ్గరే.

మొదటి రోజు మూవ్ అబ్సొల్యూట్ (20) జోలికి, అంటే చెప్పిన స్థానానికి సిలిండర్‌ను పంపే కమాండ్ జోలికి పోవద్దు (బ్రాకెట్లో ఉన్నది కమాండ్ నంబరు). పంపు ప్రెషర్ తగ్గించి, పొజిషన్‌ను పట్టించుకోకుండా నేరుగా వోల్టేజీ ఇచ్చే ఓపెన్ లూప్ రేట్ (10)తో 0.5 వోల్టు ఇవ్వండి. ప్లస్ వోల్టేజీకి యాక్చువల్ పొజిషన్ పెరగాలి. తగ్గుతుంటే అవుట్‌పుట్ పొలారిటీ (ప్లస్, మైనస్ దిశ) తిప్పండి. ఇది చూడకుండా లూప్ మూస్తే, అంటే పొజిషన్ చూసుకుంటూ వోల్టేజీ సరిదిద్దే పని కంట్రోలర్‌కు అప్పగిస్తే, సిలిండర్ టార్గెట్ నుంచి దూరంగా పరుగెత్తి చివర గుద్దుకుంటుంది. డైరెక్ట్ అవుట్‌పుట్ (9) కూడా ఇదే పని చేస్తుంది కానీ ఆటోస్టాప్‌లను (తేడా వస్తే యాక్సిస్‌ను తనంతట ఆపే ఏర్పాట్లను) పట్టించుకోదు. వైరింగ్ పరీక్షకు తప్ప దాన్ని ముట్టుకోకపోవడమే మేలు.

తర్వాత 10వ కమాండ్‌తోనే రెండు దిక్కులా ప్లాట్లు (వేగం, వోల్టేజీల గ్రాఫులు) తీయండి. బయటికి వెళ్లేటప్పుడు 2 వోల్టులకు 100 మి.మీ./సె. వస్తే వెలాసిటీ ఫీడ్ ఫార్వర్డ్ (కోరిన వేగానికి ముందుగానే ఇచ్చే వోల్టేజీ) ఒక్కో మి.మీ./సె.కు 0.02 వోల్టులు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. సిలిండర్‌ది 100 మి.మీ. బోరు (లోపలి వ్యాసం), 70 మి.మీ. రాడ్డు అనుకుందాం. రాడ్డు వైపు వైశాల్యం దాదాపు సగం కాబట్టి లోపలికి వచ్చేటప్పుడే వేగం ఎక్కువని లెక్కేస్తారు. పంపు నుంచి వచ్చే ఫ్లో మారకపోతే అది నిజమే. కానీ సప్లై ప్రెషర్ స్థిరంగా ఉండి, స్పూల్ (వాల్వులో జరిగే కడ్డీ) రెండు వైపులా సమానంగా తెరుచుకునే వాల్వుతో, లోడు లేకుండా అడ్డంగా నడిస్తే కథ తిరగబడుతుంది: అదే వోల్టేజీకి బయటికి వెళ్లే వేగమే సుమారు 1.4 రెట్లు ఉంటుంది. వైశాల్యాల నిష్పత్తికి వర్గమూలం అది. అంటే లోపలికి 71 మి.మీ./సె., ఫీడ్ ఫార్వర్డ్ 0.028. రెండింటికీ ఒకే గెయిన్ పెట్టి, తేడాను ప్రొపోర్షనల్ గెయిన్ (పొజిషన్ తప్పుకు తగ్గట్టు సరిదిద్దే గుణకం) పెంచి కప్పిపుచ్చబోతే సిలిండర్ వణుకుతుంది. ఫీడ్ ఫార్వర్డ్ సరిగ్గా కుదిరితే పీ (ప్రొపోర్షనల్), ఐ (ఇంటిగ్రల్) గెయిన్లకు మిగిలేది కొసరు పనే. గెయిన్లను తనే లెక్కేసే ఆటోట్యూనింగ్ వాడినా ఈ ప్లాట్లు చూసుకోండి.

ఇక మూవ్ అబ్సొల్యూట్ (20)కి వస్తే పొజిషన్, స్పీడ్, యాక్సెల్, డీసెల్, డైరెక్షన్ ఇవ్వాలి. చివరిది గుండ్రంగా తిరిగే రోటరీ యాక్సిస్ కోసం. సిలిండర్‌కు 0 చాలు.

పీఎల్‌సీ (మెషీన్‌ను నడిపే కంప్యూటర్) నుంచి కమాండ్ పంపితే ఉలుకూ పలుకూ లేదా? ముందు డేటా టైపు చూడండి. కమాండ్ నంబరు కూడా రియల్‌గానే (దశాంశ సంఖ్య రూపంలోనే) వెళ్లాలి. ఇంటీజర్ 20 పంపితే కంట్రోలర్‌కు అది 2.8×10⁻⁴⁴గా, అంటే దాదాపు సున్నాగా కనిపిస్తుంది. కేబుళ్లు మార్చుకుంటూ కూర్చోవడం దండగ. విడివిడిగా రాసేటప్పుడు విలువలు ముందు, కమాండ్ నంబరు ఆఖరున రాయాలి.

కంట్రోలర్‌ను సెట్ చేసే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఆర్‌ఎంసీటూల్స్‌లో ప్లాట్ల సౌకర్యం, ఏ కమాండ్ ఎప్పుడు వచ్చిందో చూపే ఈవెంట్ లాగ్ ఈ పెట్టెకున్న అసలు బలం. ట్యూనింగ్ అయ్యాక సెట్టింగులను కంట్రోలర్‌లో శాశ్వతంగా దాచే అప్‌డేట్ ఫ్లాష్ (110) ఇవ్వండి. లేకపోతే కరెంటు పోయి వచ్చేసరికి పాత గెయిన్లే ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్టు సేవ్ చేసినంత మాత్రాన కంట్రోలర్‌లో సేవ్ అయినట్టు కాదు.