ఐర్లాండ్ అట్లాంటిక్ తీరం: ఒక యాత్రా ప్రణాళికపై సమీక్ష

దక్షిణాన కిన్సేల్ నుంచి ఉత్తరాన మాలిన్ హెడ్ దాకా సుమారు 2,500 కిలోమీటర్లు సాగే వైల్డ్ అట్లాంటిక్ వే అనే తీర రహదారి మీద కారులో తిరిగేందుకు ఒక ప్రయాణ సంస్థ చేత ప్రణాళిక వేయించుకున్నాం. బసల ఎంపికలో వంక పెట్టడానికేమీ లేదు. దూరాల లెక్క మాత్రం పటం మీద స్కేలు పెట్టి కొలిచినట్టుంది. ఇంత మార్గాన్నీ ఏడు రోజుల్లో ముగించమన్నారు.

స్కెల్లిగ్ మైకేల్ దీవి మీద దించే పడవలు మే మధ్య నుంచి సెప్టెంబరు వరకే, అదీ సముద్రం ఒప్పుకుంటేనే కదులుతాయి. మా పడవ రద్దయింది. అందుకు ఎవరినీ తప్పుపట్టలేం గానీ, మర్నాడు మళ్లీ ప్రయత్నించేందుకు ఒక్క రోజైనా ఖాళీ ఉంచకపోవడం ప్రణాళిక వేసినవారి లోపమే. డింగిల్ ద్వీపకల్పంలో స్లే హెడ్ దగ్గర రోడ్డు ఎంత ఇరుకంటే, ఎదురుగా వ్యాను వచ్చినప్పుడు పక్క అద్దం మడిచి, రాతిగోడను ఒరుసుకోకుండా అంగుళం అంగుళంగా వెనక్కి పోవాల్సి వచ్చింది. అలాంటి చోట గంటకు ఎన్ని కిలోమీటర్లని లెక్క కట్టారో!

చివరికి పట్టికను పక్కన పెట్టి, 214 మీటర్ల మోహర్ కొండచరియల దగ్గర ఒక పూట అదనంగా ఉండిపోయాం. డోనెగల్‌లో దాదాపు 600 మీటర్లు లేచే కొండచరియ స్లీవ్ లీగ్‌ను వదులుకోవలసి వచ్చినందుకు విచారం ఇంకా తీరలేదు. ఈ సంస్థ చేత బసలు మాట్లాడించుకోండి, రోజుల లెక్క మాత్రం మీరే వేసుకోండి.