లాంగ్ బాల్‌కి మందు పొడుగు డిఫెండర్ కాదు: ఫుట్‌బాల్ మేనేజర్ 2024 చాలాకాలం ఆడాక

ఫుట్‌బాల్ మేనేజర్ 2024, అంటే జట్టుకి మేనేజర్‌గా ఉండి ఎత్తుగడలు వేసే కంప్యూటర్ ఆట, వచ్చింది 2023 నవంబరులో. మామూలుగా అయితే ఏడాది తిరిగేసరికి కొత్త ఎడిషన్ కొనుక్కుని పాతదాన్ని మర్చిపోతాం. ఈసారి 2025 ఎడిషన్‌ను తయారీదారులే 2025 ఫిబ్రవరిలో రద్దు చేశారు. దాంతో నాలాంటివాళ్లు దీన్నే పట్టుకుని వేలాడారు. అన్నాళ్లు ఆడితే ఏ ఆటైనా లోపలి గుట్టు చెప్పేస్తుంది. నేను ఇక్కడ రాసేది మొత్తం ఆట గురించి కాదు. ఇందులో అందరికీ తలనొప్పి తెచ్చే ఒకే ఒక్క విషయం గురించి: అవతలివాడు వెనకనుంచి గాల్లోకి లేపి కొట్టే పొడుగు బంతి, లాంగ్ బాల్.

మా శ్రీకాకుళంలో ఫుట్‌బాల్ మాట్లాడుకునేవాళ్లు తక్కువ. క్రికెట్ తర్వాతే ఏదైనా. నాకీ పిచ్చి అంటించింది మా మేనత్త కొడుకు. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగాడు. ఇటువైపునుంచి రైల్వే ఉద్యోగాలకి వెళ్లి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు బోలెడు. బెంగాల్ గాలి తగిలాక ఫుట్‌బాల్ ఎలాగూ వస్తుంది. వాడు సెలవులకి వచ్చినప్పుడల్లా నా పక్కన కూర్చుని మ్యాచ్ చూస్తాడు, మౌస్ మాత్రం ముట్టుకోడు.

నేను ఎక్కువగా ఆడేది ఇంగ్లండ్ నాలుగో అంచె, లీగ్ టూ. 24 జట్లు, ఒక్కో జట్టుకి 46 మ్యాచ్‌లు. ఇక్కడ చక్కగా పాస్‌లు ఇచ్చుకునే ఆటగాళ్లు తక్కువ కాబట్టి, ఒత్తిడి వస్తే బంతిని ముందుకు తన్నేయడమే చాలా జట్ల పద్ధతి. మనం 1-0తో గెలుస్తూ ఉంటే చివరి పది నిమిషాలూ ఇక అదే వాన. టెన్షన్‌తో గోళ్లు కొరుక్కోవడం తప్ప చేసేదేమీ ఉండదనిపిస్తుంది. నిజానికి చేయాల్సింది చాలా ఉంది.

గోల్ పడగానే అందరి కళ్లూ సెంటర్ బ్యాక్ (వెనక మధ్యలో కాసే డిఫెండర్) మీదే పడతాయి. హెడర్ (గాల్లో బంతిని తలతో కొట్టే పోటీ) ఓడిపోయాడు కదా, వీడికంటే పొడుగువాణ్ణి కొందాం అనుకుంటారు. ఆటలో జంపింగ్ రీచ్ అని ఒక అంకె ఉంటుంది, 1 నుంచి 20 దాకా. అది ఎంత ఎగురుతాడన్నది కాదు, ఎగిరాక మొత్తమ్మీద ఎంత ఎత్తు అందుకుంటాడన్నది. ఎత్తు, ఎగురుడు రెండూ అందులోనే కలిసి ఉంటాయి. కాబట్టి 16, 17 ఉన్నవాణ్ణి తెస్తే హెడర్లు గెలుస్తాడు, నిజమే. కానీ లీగ్ టూ బడ్జెట్‌లో అంత రీచ్ ఉన్నవాడికి పేస్ (వేగం) 7, యాక్సిలరేషన్ (వేగం అందుకోవడం) 6 ఉంటాయి. బంతి వాడి తల మీదకి వచ్చినంతసేపూ రాజే. తల దాటి వెనక పడిందంటే, అవతలి ఫార్వర్డ్ గోల్ కొట్టి సంబరం మొదలుపెట్టేదాకా మనవాడు ఇంకా వెనక్కి తిరుగుతూనే ఉంటాడు.

పోనీ డిఫెన్సివ్ లైన్‌ను, అంటే మన డిఫెండర్లు వరసగా నిలబడే గీతను, మన గోల్ వైపు కిందికి దించేస్తే? వెనక ఖాళీ ఉండదు, నిజమే. అప్పుడు అదే బంతి మన పెనాల్టీ బాక్సు అంచున పడుతుంది. టార్గెట్ ఫార్వర్డ్ (పొడుగు బంతులు అందుకోడానికే ముందు నిలబెట్టినవాడు) తలతో పక్కకి తడితే చాలు, ఇంకొకడు అక్కడినుంచే కొట్టేస్తాడు. లైన్ పైన ఉంటే బంతి వెనక పడుతుంది, కింద ఉంటే నెత్తిన పడుతుంది. ఈ రెండింటి మధ్యే ఊగుతూ చాలామంది సీజన్లకి సీజన్లు గడిపేస్తారు.

ఒకరోజు ఇలాగే లైన్‌ను పైకీ కిందికీ మారుస్తుంటే, మా ఖరగ్‌పూర్ వాడు స్క్రీన్ మీద అవతలి సెంటర్ బ్యాక్‌ను వేలుతో చూపించాడు. వాడు బంతిని ఆపి, తల ఎత్తి, తీరిగ్గా చూసి మరీ కొడుతున్నాడు. చుట్టుపక్కల మనవాడు ఒక్కడూ లేడు.

"ఆడి కాడికి మనోడు ఒక్కడూ ఎల్లకపోతే ఎనకాలోల్లేటి సేస్తారు బావా?"

ఈ ఆటలో లాంగ్ బాల్ గురించి తెలుసుకోవాల్సింది చాలావరకు ఆ మాటలోనే ఉంది. కొట్టేవాడికి టైమ్ దొరికితే బంతి కొలిచినట్టు ఖాళీలోకి వస్తుంది. ఒకడు మీదకి ఉరికితే అదే బంతి గుడ్డిగా లేస్తుంది, సగం దూరంలో పడుతుంది, లేకపోతే నేరుగా మన కీపర్ చేతుల్లోకి వస్తుంది. అందుకని నేను ముందు చూసేది లైన్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్, అంటే మనవాళ్లు ఎక్కడినుంచి ఒత్తిడి మొదలుపెట్టాలన్న గీత. దాన్నీ డిఫెన్సివ్ లైన్‌నీ కలిపి చూడాలి. పైన ప్రెస్ చేయమని (ఒత్తిడి పెట్టమని) చెప్పి డిఫెన్స్‌ను కింద కూర్చోబెడితే మధ్యలో మైదానమంత ఖాళీ. డిఫెన్స్‌ను పైకి తెచ్చి ఫార్వర్డ్‌లను చూస్తూ నిలబడమంటే ఇంకా ఘోరం, ఆ జోడీ కంటే గోల్ కీపర్‌ను ఇంటికి పంపడం నయం. నాకు కుదిరింది మిడ్ బ్లాక్ (మైదానం మధ్యనుంచి ఒత్తిడి), మామూలు లైన్, ట్రిగ్గర్ ప్రెస్ (ఎంత తరచుగా మీదకి ఉరకాలన్నది) ఒక మెట్టు ఎక్కువ. పైగా అపోజిషన్ ఇన్‌స్ట్రక్షన్స్‌లోకి (అవతలి ఒక్కో ఆటగాడి మీద ఏం చేయాలో చెప్పే చోటుకి) వెళ్లి, వాళ్ల సెంటర్ బ్యాక్‌లిద్దరిలో పాసింగ్ బాగున్నవాణ్ణి మాత్రం ఎప్పుడూ ప్రెస్ చేయమని పెడతాను. బంతి ఆ రెండోవాడి దగ్గరికి వెళ్లాలి. వాడు కొట్టే లాంగ్ బాల్‌కి మనం భయపడక్కర్లేదు.

కీపర్ చిన్న పాస్‌లు ఇవ్వకుండా అడ్డుకునే ఆప్షన్ ఒకటి ఉంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, చాలామంది అలవాటుగా టిక్ పెట్టేస్తారు. ఆలోచించండి: పొడుగు బంతులతోనే బతికే జట్టుని మనమే బలవంతాన పొడుగు బంతి కొట్టిస్తున్నాం. అదీ గోల్ కిక్‌లో. గోల్ కిక్ నేరుగా అందుకున్నవాడికి ఆఫ్‌సైడ్ (బంతి కొట్టేటప్పటికే డిఫెండర్లను దాటి నిలబడితే తప్పనే రూలు) వర్తించదు, అది అసలు ఫుట్‌బాల్ రూలే. తాటిచెట్టంత ఫార్వర్డ్ ఉన్న జట్టుతో మ్యాచ్ అయితే ముందు ఆ టిక్ తీసేయండి.

తర్వాతది సెకండ్ బాల్, అంటే హెడర్ తర్వాత కింద పడే బంతి. గుడి దగ్గర కొబ్బరికాయ కొడితే చిప్ప ఎటు ఎగిరి పడుతుందో ఏరుకునే పిల్లలకి ముందే తెలుసు, కొట్టే భక్తుడికి తెలీదు. హెడర్ కూడా అంతే, తలతో కొట్టినవాడికంటే కింద కాచుకున్నవాడిదే లాభం. మన డిఫెండర్ గెలిచిన హెడర్ అవతలి మిడ్‌ఫీల్డర్ కాళ్ల దగ్గర పడినా లెక్కల్లో అది గెలుపే. అందుకే హెడర్ల శాతం చూసి మురిసిపోకూడదు. డిఫెన్స్ ముందు ఒక డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌ను కదలకుండా ఉంచాలి. ఆ చోటు వదలని యాంకర్ రోల్ నాకు బాగా పనిచేసింది. వాడికి పాసింగ్ లేకపోయినా ఫర్వాలేదు, యాంటిసిపేషన్, పొజిషనింగ్, కాన్సంట్రేషన్ 13 పైన ఉంటే లీగ్ టూకి ఎక్కువే. ఇద్దరు సెంటర్ బ్యాక్‌లలో పొడుగువాడికి స్టాపర్, వేగం ఉన్నవాడికి కవర్ డ్యూటీ. ఒకడు ఎగురుతాడు, ఒకడు వెనక కాస్తాడు. దీనివల్ల ఆఫ్‌సైడ్ గీత కాస్త వంకర అవుతుంది, ఆ నష్టం భరించవచ్చు.

కీపర్ గురించి ఎక్కువ చెప్పను. గోల్ వదిలి ముందుకొచ్చే స్వీపర్ కీపర్‌ను పెట్టినా వాడికి రషింగ్ అవుట్ (ముందుకు ఉరకడం), డెసిషన్స్ (నిర్ణయాలు) అంకెలు లేకపోతే మధ్యదాకా వచ్చి ఆలోచిస్తూ నిలబడతాడు.

ఈ ఎత్తుగడలన్నీ కాగితం మీద కొత్తవేం కావు. 1977లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లోకి అడుగుపెట్టిన వింబుల్డన్ క్లబ్, పొడుగు బంతుల ఆటతోనే పైకెక్కి 1988 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో లివర్‌పూల్‌ను 1-0తో ఓడించింది. అలాంటి జట్టుకి ఎదురుపడితే ఎంత విసుగొస్తుందో ఈ ఆట నిజాయితీగా చూపిస్తుంది. దానికి నేను పూర్తి మార్కులేస్తాను.

మార్కులు తగ్గించేది వేరేచోట. గోల్ ఎందుకు పడిందో ఆట తిన్నగా చెప్పదు. డిఫెండర్‌కి తక్కువ రేటింగ్ చూపిస్తుంది తప్ప, మూడు పాస్‌ల వెనక ఎవడు ఒత్తిడి పెట్టలేదో మనమే మ్యాచ్ వెనక్కి తిప్పి వెతుక్కోవాలి. ఆటలో మనకి సాయంగా ఉండే అసిస్టెంట్ మేనేజర్ సలహాలు ఒకదానికొకటి పొసగవు: లైన్ పైకి తెమ్మంటాడు, మనవాళ్లకి వేగం లేదనీ అంటాడు. కొన్నిసార్లు అన్నీ సరిగ్గా ఉన్నా సెంటర్ బ్యాక్ తన పక్కనుంచి పరిగెత్తేవాణ్ణి చూస్తూ ఒక క్షణం శిలలా నిలబడిపోతాడు. అది ఎత్తుగడ లోపం కాదు, మ్యాచ్ ఇంజిన్ లోపమే అని నా అభిప్రాయం. ఇక ఆట తెలుగులో లేదు, చదవాల్సింది చాలా ఉంటుంది.

ఆడాలనుకునేవాళ్లకి ఒక మాట: ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, పాత లాప్‌టాప్‌లో టూడీ వ్యూ (ఆటగాళ్లను పైనుంచి చుక్కలుగా చూపించేది) పెట్టుకుంటే హాయిగా నడుస్తుంది. నిజానికి లాంగ్ బాల్ సంగతి టూడీలోనే బాగా తెలుస్తుంది, చుక్కల మధ్య దూరం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి. మా వైపు తుఫాను రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికే ఎరుక, ఆటోసేవ్ ఆటలోని వారానికోసారి పెట్టుకోండి.

పొడుగు త్రో-ఇన్‌లకి మాత్రం నా దగ్గర ఇప్పటికీ సరైన మందు లేదు. వాటికీ ఆఫ్‌సైడ్ లేదు, విసిరేవాడి మీదకి ఉరికే వీలూ లేదు. దగ్గరి పోస్టు దగ్గర స్టాపర్‌ను, బాక్సు బయట యాంకర్‌ను నిలబెట్టి నెట్టుకొస్తున్నాను.