అప్ప అంటే నాన్నా, అక్కా? బ్రిడ్జర్టన్ రెండో సీజన్ నాలుగోసారి చూశాక

2022 మార్చిలో నెట్‌ఫ్లిక్స్ సిరీస్ బ్రిడ్జర్టన్ రెండో సీజన్ రాగానే ఎనిమిది ఎపిసోడ్లూ రెండు రాత్రుల్లో లాగించేశాను. ఆ తర్వాత ఇంకో మూడుసార్లు చూశాను, చివరిసారి మా అమ్మతో. అంచేత ఇది తొలిచూపు మురిపెంతో రాస్తున్నది కాదు.

మొదటిసారి నన్ను పట్టేసింది కథ కాదు, నూనె. లండన్‌లో ఓ పెద్దింటి గదిలో కేట్ శర్మ తన చెల్లెలు ఎడ్వినా తలకు నూనె రాస్తుంది. ఎందుకు రాస్తోందో ఎవరూ వివరించరు. మాడు మీద వేళ్లు కదులుతుంటాయి, అంతే. కేట్‌గా వేసిన సిమోన్ ఆష్లేది తమిళ మూలం, మన పెళ్లిచూపుల భాషలో చెప్పాలంటే 'కాస్త రంగు తక్కువ'. ఆ మాట నాకూ బాగా అలవాటే. అలాంటి పిల్ల కోసం ఓ దొరబాబు నిద్రాహారాలు మానేస్తుంటే ఎంత హాయిగా ఉందో! ఆ మార్కులు ఇప్పటికీ తగ్గించను. పాత బ్రిటిష్ రాజ్ డ్రామాల్లో మనవాళ్లు ట్రే పట్టుకుని తలుపు పక్కన నిలబడేవాళ్లు.

రెండోసారి నుంచీ నలుసులు కనబడ్డాయి. ఇంటిపేరు శర్మ. నాన్న 'అప్పా', అక్క 'దీదీ', చెల్లి ఏమో బెంగాలీ 'బోన్'. ఒకే ఇంట్లో మూడు రాష్ట్రాలు! మాది శ్రీకాకుళం వైపు, అక్కడ అప్ప అంటే అక్క. కేట్ తండ్రిని తలుచుకుని బాధపడుతుంటే అమ్మ నన్ను ఆపమని, "ఇంతకీ పోయింది వాళ్లయ్యా, అప్పా?" అంది.

కేట్‌కి ఇంగ్లీషు టీ నచ్చదు, మసాలా దినుసులు వేసి తనే కాచుకుంటుంది. కథ జరిగేది 1814లో. అప్పటికి మన దగ్గర టీ తోటలే లేవు, అస్సాం టీ లండన్ చేరింది 1830ల చివర్లో. అప్పటి టీ చైనాది. ఎడ్వినాకి పసుపు రాసే సీన్ మాత్రం అమ్మకి నచ్చింది. నలుగు పెట్టడం తెలిసినవాళ్లే తీశారంది.

ఇవన్నీ నవ్వేసి వదిలేయొచ్చు. వదల్లేనిది ఇంకొకటుంది. ఈ లోకంలో అన్ని రంగులవాళ్లూ డ్యూకులూ లేడీలూ అయిపోయారు. 2023లో వచ్చిన దీని ముందుకథ సిరీస్ క్వీన్ షార్లెట్ దానికో కారణం అల్లింది: రాజుగారు నల్లజాతి రాణిని పెళ్లాడగానే వాళ్లకీ బిరుదులు దక్కాయట. బానే ఉంది. మరి ఆ విందుల్లో అన్నన్ని కేకులకు చక్కెర ఎక్కడిది? బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని 1807లో ఆపింది గానీ, బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1833 దాకా రాలేదు. 1814లో కరీబియన్ చెరకు తోటల్లో ఇంకా బానిసలే. అదే ఏడు మా శ్రీకాకుళంలో శిస్తు వసూలు చేసుకుంటున్నది కుంఫిణీవాళ్లు. ఈ ప్రేమకథలో ఆ బానిసలకీ, ఆ కుంఫిణీకీ పనే పడలేదు. రంగు తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు, ఆ కుర్చీ ఎవరి డబ్బుతో కొన్నారో మాత్రం అడగొద్దంటారు. నాలుగోసారికి ఇది పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

అయినా చూడొద్దని అనను. 2024లో మూడో సీజన్ వస్తే మళ్లీ అమ్మా నేనూ కూర్చున్నాం. కడుపుతో ఉన్న కేట్‌ని భర్త ఇండియా తీసుకెళ్తానంటాడు, బిడ్డ అక్కడే పుట్టాలని. "పురిటికి పుట్టింటికన్నమాట" అని అమ్మ మురిసిపోయింది. అప్పటికి సూయజ్ కాలువ లేదు, ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాలి, నాలుగైదు నెలలు పడుతుందని చెప్పాను.

అమ్మ వేళ్లు మడిచి లెక్కేసింది. "ఓలమ్మో, ఓడలోనే పురుడైపోద్ది కదే. మంత్రసానిని ఎక్కించుకున్నారా?"