రాగి-నికెల్ బ్రేక్ లైన్లు: మిషిగన్ ఉప్పులో ఐదేళ్లు

మంచు కురిసే ఊళ్లో పాత కారు నడుపుతూ, ఇంటి దగ్గరే బ్రేక్ లైన్లు, అంటే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకు చేర్చే సన్న గొట్టాలు, మార్చుకుందామనుకునేవాళ్లకు ముందే తేల్చి చెప్తున్నాను, స్టీలు జోలికి పోకండి, రాగి-నికెల్ గొట్టమే కొనండి. మా పాత జపాన్ సెడాన్‌కి వెనక చక్రాలకు వెళ్లే పొడవాటి లైన్లు రెండూ దాంతోనే వేశాను, ఐదేళ్లు దాటింది. ముందు చక్రాలవి చిన్న ముక్కలు, చివరలు తయారుగా చేసి ఉన్న పూత స్టీలువి షాపులో దొరికాయి కాబట్టి అప్పుడే అవి వేశాను. అందువల్ల ఒకే కారు కింద, ఒకే ఉప్పులో రెండూ ఎలా తట్టుకున్నాయో పక్కపక్కన చూడగలిగాను.

మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ చుట్టుపక్కల, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు సంగతి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు చెప్తే నమ్మరు. నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతులో ఉప్పు గని ఉంది, అందులోంచి తీసేది రోడ్లకే పోతుంది. దానికి తోడు మంచు పడకముందే రోడ్ల మీద ఉప్పునీళ్లు కొడతారు, అందులో కాల్షియం క్లోరైడ్ కలిస్తే అది గాలిలో తేమ లాక్కుంటూ కారు కింద ఆరకుండా అంటుకుని ఉంటుంది. పైగా మిషిగన్‌లో సొంత కార్లకు ఏటేటా సేఫ్టీ తనిఖీ లేదు, కింద ఏం జరుగుతోందో మనం చూసుకుంటేనే తెలుస్తుంది. జనరల్ మోటార్స్ 1999 నుంచి 2003 మోడల్ పికప్‌లు, ఎస్‌యూవీల బ్రేక్ లైన్లు తుప్పు పట్టి పగలడం మీద అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఏళ్ల తరబడి విచారణ చేసి, 2015లో ఇది తయారీ లోపం కాదు, బండి పాతబడి వచ్చిన తుప్పే అని ఫైలు మూసేసింది. కంపెనీ బళ్లను వెనక్కి పిలిచి బాగుచేసే రీకాల్ రాలేదు, కారు అడుగు భాగం కడుక్కోండి, చూపించుకోండి అన్న సలహా మాత్రం వచ్చింది. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి సెకండ్ హ్యాండ్ కారు కొనే మన పిల్లలకు ఆ సలహా చేరాలని నా కోరిక. మైలేజీ, టైర్లు, ఏసీ అన్నీ చూస్తారు, టార్చి పట్టుకుని కిందకి ఒక్కసారి కూడా వంగరు.

ఈ గొట్టం కొత్త ప్రయోగమేమీ కాదు. 90 శాతం రాగి, 10 శాతం నికెల్, కొద్దిగా ఇనుము, మాంగనీస్ కలిసిన మిశ్రమం, వోల్వో 1970లలోనే తన కార్లకు వాడటం మొదలుపెట్టింది. ప్లంబింగ్ షాపులో దొరికే ఉత్త రాగి గొట్టం వేరు, అది బ్రేకులకు అస్సలు పనికిరాదు, అదురుకు పగుళ్లిస్తుంది. కంప్రెషన్ ఫిట్టింగ్ (రింగును నొక్కి బిగించే అతుకు) పెట్టి మధ్యలో కలపమనేవాళ్ల మాట కూడా వినకండి, అంత ఒత్తిడికి అది నిలిచేది కాదు. ధర స్టీలు చుట్ట కంటే ఎక్కువే గానీ ఆ తేడా ఇక్కడ మెకానిక్ ఒక గంటకు తీసుకునే డబ్బులకు కూడా రాదు.

వంచడం చాలా సుఖం. పాత లైను విప్పి కింద పరుచుకుని, దాని వంపుల్ని చూస్తూ చేత్తోనే వంచుకోవచ్చు, పెట్రోల్ ట్యాంకు పైనుంచి దూర్చాల్సిన చోట స్టీలు అయితే ట్యాంకు దించాల్సి వచ్చేది, ఇది మెల్లగా తోస్తే వెళ్లింది. పాత నట్లతో మాత్రం కుస్తీ పట్టకండి. మామూలు పానా పెడితే మూలలు అరిగిపోతాయి, లైను ఎలాగూ పారేసేదే కదా, నట్టు పక్కనే కోసేసి ఆరు మూలల సాకెట్ పెట్టి తిప్పితే చాలావరకు వచ్చేస్తాయి.

అసలు పనితనమంతా ఫ్లేర్ దగ్గరే, అంటే గొట్టం చివరను విప్పార్చి మడిచే దగ్గర. ఎక్కువ జపాన్ కార్లకు 10 మిల్లీమీటర్ల మెట్రిక్ నట్టు, డబుల్ ఫ్లేర్ (అంచు లోపలికి రెండు పొరలుగా మడిచింది) ఉంటాయి, చాలా యూరప్ కార్లకు బబుల్ ఫ్లేర్ (చివర బుడగలా ఉబ్బించింది), ఒకదాని బదులు ఇంకోటి చేస్తే కారుతుంది. గొట్టం 3/16 అంగుళం, అంటే 4.76 మిల్లీమీటర్లు. కోత నిటారుగా ఉండాలి, లోపలి అంచు ఆకురాయితో నున్నగా చేయాలి, నట్టు ముందే ఎక్కించుకోవాలి. చవక బిగింపు టూల్స్ ఈ మెత్తటి గొట్టాన్ని నొక్కేసి గాట్లు పెడతాయి. హ్యాండిల్ లాగితే ఫ్లేర్ వచ్చే మంచి టూలు కొనండి, లేదా అడిగి తెచ్చుకోండి, ఇక్కడ మాత్రం పొదుపు చూడకండి. అసలు లైనుకు ముందు మిగులు ముక్కల మీద చేయి తిరిగేదాకా చేసి చూడండి.

లైన్లలో చేరిన గాలి తీయడం గురించి ఒక్క మాట, గాలి ఉంటే బ్రేకు సరిగా పట్టదు. లైను విప్పేముందు పెడల్‌ని కొద్దిగా నొక్కి ఒక కర్రతో సీటుకు దన్ను పెడితే బ్రేక్ ఆయిల్ అంతా కారిపోదు. పెడల్ తొక్కితే ఆయిల్‌ని లైన్లలోకి తోసే మాస్టర్ సిలిండర్ ఎండిపోయి, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌లోకి గాలి పోతే చాలా కార్లలో స్కాన్ టూల్ (కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరం) లేకుండా బయటికి రాదు, టెన్షనంతా అక్కడే. ఏ చక్రం ముందు, ఏది తర్వాత అన్నది కారును బట్టి మారుతుంది, మాన్యువల్‌లో ఉన్నట్టే వెళ్లాలి. మా ఆవిడ పెడల్ తొక్కుతుంటే నేను కింద చక్రం దగ్గర గాలి తీసే నట్టు విప్పి బిగించాను. పని అయ్యాక ఇంజిన్ ఆన్ చేసి పెడల్ గట్టిగా నొక్కి పట్టుకోవాలి, ప్రతి అతుకునీ పొడి టిష్యూతో తుడిచి చూడాలి.

ఇప్పుడు ఐదేళ్ల తర్వాత సంగతి. వెనక రాగి-నికెల్ లైన్లు మెరుపు పోయి మట్టిరంగుకు వచ్చాయి, చక్రాల దగ్గర కాస్త పచ్చటి చిలుము పట్టింది, గుడ్డతో రుద్దితే పోతుంది, కింద గొట్టం నున్నగా ఉంది. నట్లు స్టీలువే కాబట్టి వాటికి తుప్పు వచ్చింది, వేసవి చివర గ్రీజు రాస్తున్నాను. ముందు పూత స్టీలు లైన్ల మీద క్లిప్పు రాసుకున్న చోట, పానా తగిలిన చోట పూత ఉబ్బి లోపల తుప్పు పొరలు లేచాయి. ఇంకా కారడం లేదు గానీ నాకు నమ్మకం పోయింది. పెడల్ తొక్కుడులో తేడా ఏమీ లేదు, గట్టిగానే ఉంది.

లోపం అంటే మెత్తదనమే. క్లిప్పులన్నీ ఉండాలి, ఎక్కడా వేలాడకూడదు. మా కారులో ఒకచోట ప్లాస్టిక్ క్లిప్పు విరిగి గొట్టం బ్రాకెట్‌కు రాసుకుని అరుగు మొదలైంది, సమయానికి కనబడింది కాబట్టి రబ్బరు తొడుగు వేసి కొత్త క్లిప్పు పెట్టాను. ఏటా ఒకసారి టార్చితో చూడటానికి ఓపిక లేనివాళ్లు ఇంట్లో ఈ పని పెట్టుకోవద్దు, మెకానిక్‌కి ఇచ్చి ఇదే గొట్టం వేయమనండి. ముందు లైన్ల కోసం నేను ఇంకో చుట్ట తెప్పించాను, ఈ ఏడాది రోడ్ల మీద ఉప్పు పడేలోపు ఆ రెండూ మార్చేస్తాను.