ట్రాష్-సీఎల్ఐ: మా షాపులో వాడి చూశాక

టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) డిలీట్ చేసే కమాండ్ ఆర్ఎమ్ కొడితే ఫైల్ ట్రాష్‌లోకి వెళ్లదు, నేరుగా పోతుంది. తిరుపతిలో మా షాపు నిండా పెళ్లి ఫొటోలు, శుభలేఖల డిజైన్లే, అన్నీ ఉబుంటు (లినక్స్) సిస్టమ్స్‌లోనే ఉంటాయి, ముహూర్తాలు మొదలయ్యాయంటే ఎవరు హడావుడిలో ఏది డిలీట్ చేస్తారో అని ఒకటే టెన్షన్. టెర్మినల్‌లో తీసేసినవాటిని ట్రాష్‌లోకి పంపే ట్రాష్-సీఎల్ఐ అనే టూల్ పెట్టుకున్నాక అది చాలావరకు తగ్గింది.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఇది సొంత చెత్తబుట్ట పెట్టుకోదు. ఇలాంటి పనికి దొరికే చాలా స్క్రిప్టులు హోమ్‌లో ఏదో దాచిన ఫోల్డర్ చేసి ఫైల్‌ని అందులో పడేస్తాయి, అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎప్పుడు పోయిందో ఎక్కడా రాయవు. ఇది మాత్రం లినక్స్ డెస్క్‌టాప్‌ల మామూలు ట్రాష్ కూడా పాటించే ఫ్రీడెస్క్‌టాప్ ట్రాష్ స్టాండర్డ్ ప్రకారం ఫైల్‌ని ‘ఫైల్స్’ అనే ఫోల్డర్‌లో పెట్టి, దాని పాత చోటు, డిలీట్ చేసిన తేదీ, టైమ్ ‘ఇన్ఫో’ అనే ఫోల్డర్‌లో రాసిపెడుతుంది. నేను టెర్మినల్‌లో ట్రాష్-పుట్ కొట్టి తీసేసిన ఆల్బమ్‌ని, టెర్మినల్ ముఖం చూడని మా కౌంటర్ అమ్మాయి మామూలు ట్రాష్ తెరిచి రీస్టోర్ నొక్కి వెనక్కి తెచ్చేస్తుంది. పేరు తెలుగులో ఉన్నా ఇబ్బంది లేదు. డిలీట్ చేసే టూల్ అంటే ఇలాగే ఉండాలి, సిస్టమ్‌కి ఒక పద్ధతి ఉన్నప్పుడు దాన్ని పక్కనపెట్టి ఇంకోటి కనిపెట్టడం ఎందుకు?

పెన్‌డ్రైవ్ విషయంలో జాగ్రత్త. అందులోంచి తీసేసినవి మామూలుగా అందులోనే, డాట్ ట్రాష్-1000 లాంటి దాచిన ఫోల్డర్‌లోకి వెళ్తాయి, ఆ 1000 మన యూజర్ నంబర్. ఇదీ స్టాండర్డ్‌లో ఉన్నదే, పెద్ద వీడియోలు హార్డ్‌డిస్క్‌కి కాపీ అయ్యేదాకా కూర్చోనక్కర్లేదు. కానీ ట్రాష్ ఖాళీ చేసేదాకా జాగా తిరిగి రాదు, పైగా ఒక ఇంటి పెళ్లి ఫొటోలు ఉన్న డ్రైవ్ అలాగే ఇంకొకరి చేతికి వెళ్లిపోవచ్చు. ఇచ్చేముందు ఖాళీ చేయండి.

ట్రాష్-ఎంప్టీ 30 అంటే ముప్పై రోజులు దాటినవే పోతాయి, మాకు అది సరిపోతోంది. ట్రాష్-రీస్టోర్ తీసేసిన ఫైల్స్‌కి నంబర్లు వేసి చూపిస్తుంది, ఎక్కువ ఫైల్స్ ఉంటే ఆ లిస్టులో వెతకడం విసుగే, అందుకే ఒక స్టార్ తగ్గించి నాలుగు ఇస్తున్నా.

ఆర్ఎమ్ అని కొడితే ఇదే నడిచేలా అలియాస్ (మారుపేరు) పెట్టుకోవద్దు, తయారుచేసినవాళ్లే వద్దంటున్నారు. ఆ అలవాటు మీద వేరే సర్వర్‌లో ఆర్ఎమ్ కొడితే అక్కడ ఏ ట్రాషూ ఉండదు.