దసరా సెలవుల్లో చిన్నపిల్లలు: ఊరా, ఇల్లా, టూరా? ఏది మేలు?

బడికి పదకొండు నుంచి పదమూడు రోజులు సెలవులు. మనకి ఆఫీసులో పండగ రోజు ఒకటి, మేనేజరు మంచివాడైతే ఇంకో రెండు. దసరా గురించి ఇళ్లల్లో మొగుడూపెళ్లాల మధ్య జరిగే చర్చంతా ఈ తేడా దగ్గరే మొదలవుతుంది. 2025లో తెలంగాణ బడులకి సెప్టెంబర్ 21 నుంచి అక్టోబర్ 3 దాకా, ఆంధ్రలో సెప్టెంబర్ 22 నుంచి అక్టోబర్ 2 దాకా సెలవులిచ్చారు. ఎండాకాలం సెలవులకైతే ఏదో ఒకటి ముందే అనుకుని పెట్టుకుంటాం, సంక్రాంతి వారం రోజుల్లో అయిపోతుంది, ఎటూ కాకుండా ఇరుక్కునేది ఈ దసరానే. అన్ని రోజులు లీవు దొరకదు, అలాగని ఎలాగోలా గడిచిపోతాయిలే అనుకోవడానికి అవి రెండు మూడు రోజులూ కావు.

మాది హైదరాబాద్, ఇద్దరం ఉద్యోగస్థులం. పెద్దది ఒకటో తరగతి, చిన్నోడికి ఇంకా మూడు నిండలేదు. నా పుట్టిల్లు జనగామ దగ్గర పల్లె, అత్తగారిది భీమవరం వైపు. పిల్లల్ని ఊరికి పంపడమా, ఇంట్లోనే ఉంచుకుని నెట్టుకురావడమా, అందరం కలిసి ఎటైనా వెళ్లడమా అని ప్రతి ఏడూ వినాయక చవితి అయిన దగ్గర్నుంచి మొదలుపెడతాం. ముందే చెప్పేస్తున్నా, నా ఓటు ఊరికి. కాకపోతే మొత్తం సెలవులకీ కాదు, అన్ని వయసుల పిల్లలకీ కాదు.

ఆరేళ్ల పిల్లకి ఈ నెలలో తెలంగాణ పల్లెని మించిన చోటు నాకు తెలిసి ఇంకోటి లేదు. పెత్తర అమాస (మహాలయ అమావాస్య) నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలైతే సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులూ పిల్లలకి పొద్దున లేస్తే ఒక పని ఉంటుంది, సాయంత్రం అయితే ఒక ఆట ఉంటుంది. పొద్దున్నే చెలకల్లోకి పోయి గునుగు కోసుకురావడం, దారి పక్కన తంగేడు తెంపడం, ఇంటికొచ్చి గునుగుపూలని సమానంగా కత్తిరించి కట్టలు కట్టి రంగునీళ్లలో ముంచడం. ఈ రంగులద్దే పని ఒక్కటి చాలు, రెండు గంటలు పిల్ల కదలదు, చేతులు మాత్రం వారం దాకా ఊదారంగులోనే ఉంటాయి. ఇక రోజుకో పేరు, రోజుకో ప్రసాదం: అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ప్రసాదం ఉండదు, బతుకమ్మని పేర్చరు. ఎందుకు అలిగింది, ఎవరి మీద అలిగింది అని మా పెద్దది అడిగే ప్రశ్నలకి మా అమ్మ ప్రతి ఏడూ ఒక కొత్త కథ చెబుతుంది. చివరి రోజు సత్తుపిండి, మలీద, పులిహోర, పెరుగన్నం. పట్నంలో ఏ వర్క్‌షాపులో చేర్చినా, ఎంత ఫీజు కట్టినా ఇన్ని రకాల పని ఒకే చోట దొరకదు. పైగా ఊళ్లో పక్కింటి పిల్లలు, వాళ్ల చుట్టాల పిల్లలు, అందరూ ఒకే వాకిట్లో ఉంటారు.

అదంతా సరే, మరి అక్కడ వాళ్లని చూసేదెవరు? మాట్లాడుకోని సంగతి ఇదే. "ఏం ఫరకు పడదు బిడ్డా, నేను జూసుకుంట, నువ్వు ఫికరు జెయ్యకు" అంటుంది మా అమ్మ. అంటుంది కానీ దసరా ముందు వారం అంటే ఇల్లు దులపడం, అలకడం, గిన్నెలన్నీ తోమడం, పిండివంటలు, వచ్చేపోయే చుట్టాలు, వీటన్నిటి మధ్యా రెండున్నరేళ్ల పిల్లాడి వెనక పరిగెత్తాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషి. పెద్దదాన్నైతే ఒక కేక వేసి పిలవొచ్చు, వాడు కేకకి వచ్చే రకం కాదు, కేక వేస్తే ఇంకా దూరం పోతాడు. చివరికి ఏమవుతుంది, తాతయ్య ఫోన్ వాడి చేతికి వస్తుంది. ఫోన్ వద్దనే కదా ఊరికి పంపింది!

ఇంకో భయం కూడా ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. వానాకాలం అయిపోయే సమయానికి చెరువులు, కుంటలు, వ్యవసాయ బావులు నిండుగా ఉంటాయి, గట్టు లేని బావులు ఇప్పటికీ ఉన్నాయి, బతుకమ్మల్ని వదిలేది కూడా చెరువులోనే, అదీ చీకటి పడ్డాక, జనంలో. నడక వచ్చి మాట వినడం రాని వయసు పిల్లాడికి ఆ సాయంత్రాల్లో అచ్చంగా ఒక పెద్దమనిషి కాపలా ఉండాలి. నేను దగ్గర లేని రోజుల్లో ఆ బాధ్యత అరవై దాటిన వాళ్ల మీద పెట్టడం నాకు ఇష్టం లేదు. వాళ్లు చూడలేరని కాదు, ఏదైనా జరిగితే ఆ మాట వాళ్లు జీవితాంతం మోయాల్సి వస్తుంది.

నీళ్లు మారితే విరేచనాలు, దోమలు, రాత్రి పూట జ్వరం, వీటికి అందరూ చెప్పేదే నేనూ చెబుతాను: ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జ్వరం మందు, పిల్లవాడి బరువుకి డోసు ఎంతో డాక్టరు దగ్గర కాగితం మీద రాయించుకుని ఆ కాగితం ఊళ్లో గోడకి అంటించి రండి. డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి రాత్రి దోమతెర ఒక్కటీ సరిపోదు, పగలు పడుకోబెట్టినప్పుడూ కట్టాలి.

అత్తగారి ఊరి సంగతి వేరు. గోదావరి జిల్లాల్లో పెద్ద పండగ సంక్రాంతే, దసరాకి అక్కడ ఇంత హడావుడి ఉండదు. అందుకే మా ఇంట్లో దసరా ఇటు, సంక్రాంతి అటు అని ఒప్పందం. ఈ ఒప్పందం కుదరని ఇళ్లల్లో జరిగే గొడవ చాలామందికి తెలిసిందే. ఆడవాళ్లు ఎవరినైనా అడగండి, పుట్టింటికి వెళ్తే సెలవు, అత్తింటికి వెళ్తే డ్యూటీ మారడం, అంతే. కాబట్టి ఊరికి వెళ్దాం అని మగవాళ్లు అన్నప్పుడు ఏ ఊరు, అక్కడ వంట ఎవరిది అని అడిగి తెలుసుకోవడం మంచిది.

ప్రయాణం గురించి రెండు ముక్కలు. జనగామ, వరంగల్ వైపు అయితే ఉప్పల్ నుంచి బస్సులకి కొదవలేదు, ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగుల్లో ఆడవాళ్లకి ఛార్జీ లేదు. పండగ స్పెషల్ బస్సుల్లో మాత్రం ఛార్జీ 50 శాతం దాకా ఎక్కువ తీసుకుంటారు. ఆంధ్ర వైపు వెళ్లేవాళ్లకి రైలే గతి, దాని రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, 2024 నవంబర్‌కి ముందున్న 120 రోజుల లెక్క మర్చిపోండి. 2026లో దసరా అక్టోబర్ 20, మంగళవారం. ముందు శనివారం, అంటే 17న బయల్దేరాలంటే ఆగస్టు 18 పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. ఐదేళ్లలోపు పిల్లలకి బెర్తు అడగకపోతే టికెట్టు అక్కర్లేదు, ఐదు నుంచి పన్నెండు లోపు వాళ్లకి బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ. ఆరేళ్ల పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుని సగం డబ్బు మిగిల్చే ఆలోచన ఉంటే మానుకోండి, మర్నాడు మీ నడుమే చెబుతుంది.

ఇక ఇంట్లో ఉండటం. చెప్పుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి దీన్ని ఎవరూ మెచ్చుకోరు, కానీ మూడేళ్లలోపు పిల్లలకి ఇదే మేలని నా ఉద్దేశం. అదే మంచం, అదే పప్పన్నం, మధ్యాహ్నం అదే నిద్ర. డే కేర్ చాలావరకు పండగ రోజు, అటూ ఇటూ ఒకటో రెండో మాత్రమే మూస్తారు కాబట్టి చిన్నోడికి సెలవులే లేనట్టు. చిక్కంతా పెద్దదానితో. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంది కదా, చూసుకుంటూ పని చేసుకోవచ్చు అనేవాళ్లు ఒక్కసారి బొమ్మ కోసం ఏడుస్తున్న పిల్లని పక్కన పెట్టుకుని క్లయింట్ కాల్‌లో మాట్లాడి చూడాలి. అది పనీ కాదు, పెంపకమూ కాదు. సాయంత్రానికి ఇద్దరి మీదా అరిచిన గొంతు మాత్రం మిగులుతుంది.

దీనికి మా అపార్ట్‌మెంట్‌లో పట్టుకున్న దారి ఒకటి బాగానే నడుస్తోంది. ఒకే వయసు పిల్లలున్న నాలుగిళ్ల వాళ్లం వంతులు వేసుకుంటాం, ఒక్కో రోజు ఒకళ్లు లీవు పెట్టి నలుగురి పిల్లల్నీ చూస్తారు, అన్నం కూడా వాళ్లింట్లోనే. నలుగురు పిల్లలుంటే ఇల్లు పీకి పందిరేస్తారు, నిజమే, కానీ ఒక్క పిల్ల విసుగ్గా తిరుగుతూ "అమ్మా బోర్" అనేదానికంటే నలుగురు కొట్టుకుంటూ ఆడుకోవడం తక్కువ టెన్షన్. ఒక్క లీవు ఖర్చుతో నాలుగు రోజులు గడుస్తాయి. అందులో ఒకరిది ఆంధ్ర వైపు కుటుంబం, దసరాకి బొమ్మల కొలువు పెడతారు, మెట్లు కట్టడం, బొమ్మలు తుడవడం, కింద ఇసుకతో ఊరూ పార్కూ చేయడం, మూడు రోజుల పని పిల్లలకి అక్కడే దొరికింది. ఏ బొమ్మ విరుగుతుందో అని ఆవిడ గుండె చేత్తో పట్టుకుని కూర్చుంటుంది పాపం.

పట్నంలో బతుకమ్మ లేదా అంటే ఉంది, కానీ చివరి రెండు మూడు సాయంత్రాలే, పూలు గుడిమల్కాపూర్ నుంచో వీధి చివర బండి మీద నుంచో కొనుక్కొచ్చినవి, కింద పార్కింగ్‌లో స్పీకర్లు చెవులు పగిలేలా. పెద్దవాళ్లు చీరలు కట్టుకుని ఫోటోలు దిగడంలో ఉంటారు, పిల్లలకి చేయడానికి ఏమీ మిగలదు. బయట తిప్పాలంటే జూ పార్కు ఉంది, సోమవారం మూస్తారు, సాలార్ జంగ్ మ్యూజియం శుక్రవారం మూస్తారు, ఈ రెండూ చూసుకోకుండా గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చే కుటుంబాలు ఎన్నో. శిల్పారామం సాయంత్రం పూట ఫరవాలేదు.

టూర్ మాటకొస్తే, చిన్నపిల్లలతో దసరా వారంలో టూర్ నాకు ససేమిరా ఇష్టం లేదు. మా ఆయనకి ఇష్టమే. లీవులన్నీ అక్కడే ఖర్చు, గదుల రేట్లు పండగ రేట్లు, మిగిలిన సెలవు రోజుల సంగతి మళ్లీ మొదటికే వస్తుంది. అరకు అందరూ అంటారు, రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే పిల్లలకి బాగుంటుంది, ఒప్పుకుంటా. కానీ బొర్రా గుహల్లో మెట్లు దిగి ఎక్కడం చంకలో పిల్లాడితో చేసి చూడండి. వాతావరణం కూడా నమ్మలేం, విశాఖ మీద హుద్‌హుద్ తుపాను విరుచుకుపడింది 2014 అక్టోబర్ 12న, అక్టోబర్, నవంబర్‌లు బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. కొండల మీద పసుపుపచ్చగా విరబూసే వలిసె పూలు చూడాలన్నా నవంబరే మంచిది.

గుళ్ల సంగతి ఇంకా కష్టం. తిరుమలలో బ్రహ్మోత్సవాలు ఈ రోజుల్లోనే, ఏడాదిలోపు పిల్లల తల్లిదండ్రులకి సుపథం అనే ప్రవేశ మార్గం నుంచి ఇచ్చే ప్రత్యేక దర్శనాన్ని ఆ రోజుల్లో టీటీడీ ఆపేస్తూ వస్తోంది. చంటిపిల్లాడు ఉన్నాడుగా, తొందరగా పంపిస్తారు అనుకుని వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మూలా నక్షత్రం రోజు బెజవాడ ఇంద్రకీలాద్రి మీద అమ్మవారు సరస్వతి అలంకారంలో ఉంటుంది, బాసరలో అక్షరాభ్యాసాలు జరుగుతాయి, రోజు మంచిదే, జనం మాత్రం ఇసకేస్తే రాలనంత. మూడేళ్ల వాడికి పలక మీద ఓం నమః శివాయ రాయించడానికి ఆరు గంటలు క్యూలో నిలబెడితే వాడికి చదువంటే ఏం గుర్తుంటుందో నాకైతే అర్థం కాదు. ఇంట్లో తాతయ్య ఒళ్లో బియ్యం మీద రాయించినా అక్షరాభ్యాసమే. బాసర వెళ్లాలనుంటే మామూలు రోజు వెళ్లండి.

అంతగా అందరం కలిసి ఎటైనా వెళ్లాలనిపిస్తే కార్తీక మాసం దాకా ఆగడం నయం. దసరా అయిన మూడు వారాలకి వస్తుంది, వానలు వెనక్కి తగ్గి, చలి ఇంకా ముదరని రోజులు. ఒక ఆదివారం పొద్దున ఇంట్లో పులిహోర, దద్దోజనం కలుపుకుని ఉసిరి చెట్టున్న తోటకి వెళ్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటాం. లీవు అక్కర్లేదు, గది అక్కర్లేదు, చిన్నోడి నిద్ర కారులో అయిపోతుంది.

అందుకని ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న పద్ధతి ఇది. మొదటి మూడు నాలుగు రోజులు ఇద్దరూ ఇక్కడే, చిన్నోడు డే కేర్‌కి, పెద్దది వంతుల మీద పక్కిళ్లల్లో. ముద్దపప్పు బతుకమ్మో నానబియ్యం బతుకమ్మో అయ్యే సమయానికి మా తమ్ముడు వచ్చి పెద్దదాన్ని ఒక్కదాన్నే తీసుకెళ్తాడు, దానికి అదే పెద్ద గొప్ప. మేం చిన్నోణ్ణి తీసుకుని సద్దులకి ముందు రోజు వెళ్తాం, మిగిలిన లీవులు అక్కడ, చెరువు దగ్గర వాడి చెయ్యి నా చేతిలోనే ఉంటుంది, వంటలో నేను మా అమ్మకి సాయం. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలిద్దరూ ఉన్నవాళ్లైతే మొదటి రోజే ఊరికి పంపేయండి, ఆలోచించాల్సింది ఏమీ లేదు. ఇద్దరూ మూడేళ్లలోపు వాళ్లే అయితే ఊరూ వద్దు టూరూ వద్దు, వీలైతే అమ్మమ్మనో నానమ్మనో ఇక్కడికే పిలిపించుకోండి. పండగ పనుల్లేని ఇంట్లో వాళ్లకీ కాస్త విశ్రాంతి, దానికి బదులుగా వాళ్లు అడిగిన సీరియల్ పెట్టి టీవీ రిమోట్ వాళ్లకే ఇచ్చేయాలి.

దసరా నాడు సాయంత్రం జమ్మి ఆకు పెట్టి పెద్దవాళ్ల కాళ్లకి దండం పెట్టి పదులూ యాభైలూ వసూలు చేసుకున్నాక పెద్దది ఎలాగూ రానంటుంది. బడి తెరిచే రోజుకి ముందు రోజు కాదు, రెండు రోజుల ముందే బయల్దేరండి. ముందు రోజు బస్సుల్లో నిలబడటానికి చోటుండదు, విజయవాడ దారిలో అయితే టోల్‌గేట్ల దగ్గర బండ్లు బారులు తీరతాయి, పైగా సెలవుల హోంవర్కు మొత్తం అలాగే ఉంటుంది.