ఎంవీపీ వించ్: ఎకో సౌండర్‌ను బట్టి ప్రోబ్ లోతు తానే నిర్ణయించుకునే సౌకర్యం ఎలా ఉంది?

ఓడ ఆపకుండానే ప్రోబ్‌ను వదిలి, నీటిలో ధ్వని వేగం కొలిచి, మళ్లీ పైకి లాగేసే వించ్‌లలో ఎంవీపీ (మూవింగ్ వెసెల్ ప్రొఫైలర్)ది పేరున్న చోటు. మల్టీబీమ్ సర్వే (ఒకేసారి పలు ధ్వని కిరణాలతో సముద్రపు నేలను కొలవడం) చేసేవాళ్లకు ఇందులో అన్నిటికంటే విలువైనది, ఎకో సౌండర్ (ప్రతిధ్వనితో లోతు కొలిచే పరికరం) లోతు చదువుకుని ప్రోబ్‌ను సముద్రపు నేలకు కొంత పైనే ఆపేయడం. వాలు నేల మీద ప్రతి కాస్ట్‌కూ (ప్రోబ్‌ను ఒకసారి దించి లాగడానికి) చేత్తో అంకె కొట్టే బాధ తప్పుతుంది. అయితే సౌండర్ ఫీడ్‌ను సరిగా అమర్చకపోతే ఇదే సౌకర్యం ప్రోబ్‌ను నేలకు కొడుతుంది.

ముందు చూడాల్సింది, వచ్చే లోతు ఎక్కడి నుంచి కొలిచిందని. ప్రోబ్ తన ప్రెషర్ సెన్సర్‌తో నీటి ఉపరితలం నుంచి లెక్కేస్తుంది. ఓడ పరికరాలు ఒకదానికొకటి సమాచారం పంపుకునే ఎన్‌ఎంఈఏ 0183 ప్రమాణంలో డీబీటీ అనే సందేశం ఇచ్చేది ట్రాన్స్‌డ్యూసర్ (సౌండర్‌లో ధ్వనిని పంపి, అందుకునే భాగం) కింది లోతు. డీపీటీ సందేశంలో ఆఫ్‌సెట్ (ట్రాన్స్‌డ్యూసర్ నుంచి దూరం) కూడా వస్తుంది: ప్లస్ అయితే నీటిమట్టానికి, మైనస్ అయితే కీల్‌కు, అంటే ఓడ అడుగుకు. 3 మీటర్ల డ్రాఫ్ట్ (ట్రాన్స్‌డ్యూసర్ నీటిమట్టానికి ఎంత కిందుందో ఆ లోతు) కలపడం మరిస్తే కాస్ట్ 3 మీటర్లు పైనే ఆగుతుంది, అంతే. సౌండర్ అప్పటికే కలిపి పంపుతున్నదాన్ని మళ్లీ కలిపితే 5 మీటర్ల మార్జిన్‌లో (నేలకు పైన వదిలే దూరంలో) మిగిలేది 2 మీటర్లే. పోటు, పాటు సవరణ చేసిన లోతు ఇవ్వనే వద్దు.

ధ్వని వేగం సంగతీ అంతే. సౌండర్‌లో 1500 మీ/సె పెట్టి, నిజంగా 1440 ఉన్న చల్లటి నీటిలో తిరిగితే, 100 మీటర్లు చూపించిన చోట ఉన్నది 96. వెచ్చటి ఉప్పునీటిలో తప్పు అటువైపు, అంటే భద్రం వైపు, పోతుంది.

అసలు ప్రమాదం దిగువ వాలులో, అంటే ఓడ లోతు పెరిగే వైపు వెళ్తున్నప్పుడు. 8 నాట్ల వేగంలో ఓడ సెకనుకు సుమారు 4 మీటర్లు పోతుంది. ప్రోబ్ సెకనుకు 3 మీటర్ల చొప్పున 90 మీటర్లు దిగేందుకు 30 సెకన్లు పడితే, ఈలోగా ఓడ 120 మీటర్లు ముందుకెళ్తుంది. పదికి ఒకటి వాలైతే సౌండర్ ఇప్పుడు చెప్పే లోతు, ప్రోబ్ కింద ఉన్నదానికంటే 12 మీటర్లు ఎక్కువ! అందుకే ప్రోబ్ వదిలిన చోటు ట్రాన్స్‌డ్యూసర్ కిందికి వచ్చినప్పటి నుంచి వచ్చిన రీడింగ్‌లలో అతి తక్కువది పరిమితిగా తీసుకోవాలి. ఆ వీలు లేకపోతే దిగువ వాలు లైన్లకు మార్జిన్‌ను ఆ మేరకు పెంచాలి. ఎగువ వాలులో ప్రోబ్ ముందే ఆగుతుంది, డేటా కొంత తగ్గుతుంది గానీ ప్రోబ్ క్షేమం.

గట్టి నేల మీద రెండో ప్రతిధ్వని పట్టుకుంటే లోతు దాదాపు రెట్టింపు వస్తుంది. వరుస రీడింగ్‌ల మధ్య 20 శాతానికి మించిన ఎగురుడును తోసిపుచ్చే ఫిల్టర్ పెట్టండి. సౌండర్ నేలను కోల్పోయి పాత అంకెనే పంపుతూ ఉండటం ఇంకా చెడ్డది, ఎందుకంటే చూడ్డానికి అంతా సవ్యంగానే ఉంటుంది. 5 సెకన్లు అంకె కదలకపోయినా, ఖాళీగా వచ్చినా కాస్ట్ రద్దయ్యేలా ఉండాలి. దీనికి తోడు గరిష్ఠ లోతు, గరిష్ఠ కేబుల్ పొడవు విడిగా బిగించి ఉంచాలి.

మార్జిన్ తేల్చుకోవాలంటే చదునైన నేల మీద 20 మీటర్లతో మొదలుపెట్టి, బ్రేక్ పడాల్సిన లోతుకూ ప్రోబ్ నమోదు చేసిన గరిష్ఠ లోతుకూ తేడా చూడండి. బ్రేక్ అర సెకను ఆలస్యమైతేనే మీటరున్నర దిగిపోతుంది. లోతు 20 మీటర్ల లోపుండి నేల చదునుగా ఉన్న చోట ఈ సౌకర్యం ఆపేసి చేత్తో అంకె పెట్టుకోవడమే మేలు.